మా మేనత్తా, ఒక మధ్యాహ్నపు ప్రళయమూ

ఇవాళ పొద్దున బ్రూక్షాబాద్ మలుపు దగ్గర కూరగాయల దుకాణంలో నిలబడి బెండకాయలు ఏరుకుంటుంటే, లోపల గోడకు తగిలించిన టీవీలో ఆ యంత్రం మళ్లీ కనిపించింది. భూమి అడుగున గుండ్రటి సొరంగం, అందులో నీలం రంగు గొట్టాలు, తలకు టోపీలు పెట్టుకుని తిరుగుతున్న మనుషులు. ఈసారి దాన్ని ఇంకా ఎక్కువ శక్తితో నడిపిస్తారట. దుకాణమతను తూకం రాయి చేతిలో పట్టుకుని, "మేడమ్, ఇస్ బార్ క్యా హోగా?" అన్నాడు నవ్వుతూ. ఏమీ అవదు, ముదురు కాయలు వేయకు, అన్నాను. కానీ ఇంటికొచ్చి వరండాలో కూర్చున్నాక గొడుగులోంచి కారే నీళ్లు గచ్చు మీద పాయలుగా సాగుతుంటే చూస్తూ ఉండిపోయాను. వంట సంగతి మరిచిపోయాను. ఆ యంత్రం పేరు చెబితే ఎవరికి ఏం గుర్తొస్తుందో గానీ, నాకు మాత్రం మా మేనత్త గుర్తొస్తుంది.

అప్పట్లో మేం డాలీగంజ్‌లో ఉండేవాళ్లం. స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్లకు మా తాత విశాఖపట్నంలో ఓడెక్కి, కడుపులో ఏమీ నిలవకుండా కక్కుకుంటూ నికోబార్‌కు ఉత్తరాన ఉన్న ఈ దీవుల్లో దిగాడట. ఓడలో పడిన బాధ మళ్లీ పడలేక ఇక్కడే ఉండిపోయానని ఆయన చెప్పేవాడు. భూమి దొరుకుతుందనీ చేపలు దొరుకుతాయనీ వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, వెనక్కి వెళ్లడానికి భయపడి స్థిరపడినవాడు మా తాత ఒక్కడే అయుండాలి. మా నాన్న చిన్నపిల్లాడిగా ఆ ఓడలో వచ్చాడు. మేనత్త ఇక్కడే పుట్టింది. మాది రేకుల ఇల్లు. వాన మొదలైతే మాటలు ఆపేసి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చోవాల్సిందే. ఇంటి వెనక పోకచెట్లు, వాటికి అల్లుకున్న తమలపాకు తీగలు. దండెం మీద బట్టలతోపాటు ఎప్పుడూ ఏదో ఒక ఎండుచేప. ఆ వాసన నా చీరలకు కూడా పట్టేది. బడిలో పిల్లలు నేను రాకముందే నేను వస్తున్నానని కనిపెట్టేవారు. నేను తెలుగు మీడియం బడిలో సైన్సు చెప్పేదాన్ని.

మేనత్త మాకు రెండిళ్ల అవతల ఉండేది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పొగ తాగేది. మా తాత వాళ్ల ఊళ్లో ఆడవాళ్లంతా అలాగే తాగుతారట. మొదటిసారి చూసిన బెంగాలీ పొరుగావిడ నోరు కాలిపోయిందనుకుని చెంబుతో నీళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. మావయ్య చేపల వేటకు వెళ్లేవాడు. డోంగీ, అంటే ఇక్కడి ఇంజను పడవ, అతనిదే. పిల్లలు లేరు. ఇద్దరూ పొద్దున్నే పోట్లాట మొదలుపెట్టేవారు, సాయంత్రం అరుగు మీద కూర్చుని ఒకరి చుట్టతో ఒకరు ముట్టించుకునేవారు. అంతకంటే పెద్ద ప్రేమ నేను చూడలేదు.

సునామీ వచ్చిన ఆదివారానికి ముందురోజు మావయ్య దక్షిణాన హట్‌బే వైపు వేటకు వెళ్లాడు. తిరిగి రాలేదు. డోంగీ చెక్క కూడా దొరకలేదు. అతనితో వెళ్లినవాళ్లెవరూ రాలేదు. మొదట్లో అందరితోపాటు మేమూ ఆసుపత్రుల్లో, గుడారాల్లో వెతికాం. అందరూ వెతకడం మానేశాక మేమూ మానేశాం. మేనత్త మానలేదు. నికోబార్ వైపు అడవుల్లో కొబ్బరికాయలు తిని బతికినవాళ్లు వారాల తర్వాత బయటపడ్డారన్న వార్త ఒకటి ఆమె చెవిన పడింది. ఇక ఆ వార్తే ఆమెకు అన్నం, నీళ్లు. దక్షిణం దీవుల నుంచి ఓడ వచ్చే రోజున ముఖానికి పసుపు రాసుకుని, ఇంత బొట్టు పెట్టుకుని, గొడుగు పట్టుకుని జెట్టీకి పోయేది. దిగే ప్రతి మనిషినీ పైనుంచి కిందిదాకా చూసేది. ఆఖరి మనిషి దిగాక కూడా కాసేపు ఆగి, ఓడ కడిగేవాళ్లతో రెండు మాటలు మాట్లాడి, ఇంటికొచ్చేది. మావయ్య వదిలి వెళ్లిన చుట్టల కట్టను ఎండ కనిపించినప్పుడల్లా చాటలో పోసి ఆరబెట్టేది. "బూజట్టిన సుట్టిస్తే ఆడు ఊరుకుంటాడేటి? ఇల్లు పీకి పందిరేసీడూ!" అనేది.

మా నాన్నకు ఇది మింగుడుపడేది కాదు. కర్మ చేయకపోతే పోయినవాడికి దారి దొరకదని ఆయన భయం. మాయాబందర్‌లో ఉండే మావయ్య తమ్ముడు వచ్చినప్పుడల్లా ఆ మాటే ఎత్తేవాడు. "వొదినా, మా అన్న గాల్లో తిరుగుతున్నాడు, ఇంక ఆశ ఒగ్గీయే" అని ఏడ్చేవాడు. మేనత్త అతనికి అన్నం పెట్టి, చేపముల్లు తీసి మరీ పెట్టి, ఆ మాట మాత్రం వినపడనట్టు కూర్చునేది. అలా నాలుగు వానాకాలాలు దాదాపు గడిచిపోయాయి. మేమూ అలవాటుపడ్డాం. ఓడ రోజున నాన్నే ఆమె గొడుగు తెచ్చి గుమ్మంలో పెట్టేవాడు.

అదిగో, ఆ వానాకాలం చివర వచ్చింది ప్రళయం వార్త. ఎక్కడో స్విట్జర్లాండ్ దేశం దగ్గర పరమాణువు లోపలి కణాలను దాదాపు వెలుగంత వేగంతో పరుగెత్తించి, ఎదురెదురుగా గుద్దించి, ఆ ముక్కల్లో సృష్టి మొదట్లో ఏం జరిగిందో చూడబోతున్నారని సంగతి. బడిలో చెబితే పిల్లలు ఆవలించే సంగతి. కానీ ఆ గుద్దుకోవడంలో ఒక చిన్న బ్లాక్ హోల్ పుట్టి, పెరిగి, భూమిని మొత్తం మింగేస్తుందేమోనని ఎవరో అన్నారట. మా ఇళ్లల్లో డిష్ పెట్టి చూసే తెలుగు చానళ్లకు అది చాలు. ఎర్రటి అక్షరాలు, వెనక డప్పుల మోత, తెర మూల వెనక్కి తిరిగే గడియారం. కింద 'ప్రళయమా?' అని ప్రశ్నార్థకంతో రాసేవారు గానీ, ఆ ప్రశ్నార్థకం మా వీధిలో ఎవరికీ కనపడలేదు. సగంమంది పిల్లలకు మాట్లాడే తెలుగే గానీ చదివే తెలుగు రాదు. వాళ్లకు బొమ్మలే ఆధారం. బొమ్మలో భూమి, నీళ్లు పోయే తూములో పడ్డ ఆకులా గిర్రున తిరిగి మాయమయ్యేది.

వీధి మెల్లగా మారిపోయింది. చూస్తూ ఉండగానే మారిపోయింది, కలలో వీధిలాగా. వాన తెరిపి ఇచ్చినప్పుడు గుమ్మాల్లో జనం ఊరికే నిలబడేవారు. ఎప్పుడూ మాట్లాడుకోని తోడికోడళ్లు ఒకరి తల ఒకరు దువ్వుకుంటూ కనిపించారు. లెక్కల పరీక్షకు చదవడం దండగని పిల్లలు తీర్మానించుకున్నారు. ఒకమ్మాయి లేచి నిలబడి, "మేడమ్, దునియా ఖతం అయిపోతే రిజల్ట్ ఎవరిస్తారు?" అని అడిగింది. కూర్చోమని చెప్పి బోర్డు మీద ఆ రోజు తేదీ వేశాను. పంతులుగారికి శాంతి పూజలతో ఊపిరాడడం లేదు. మా పక్కింటి పాస్టరుగారి దగ్గరకూ జనం పోయారు. ఆయన చాలా నెమ్మది మనిషి. ఆ దినం రావలసి ఉంటే టీవీలో టైం వేసుకుని రాదమ్మా అని నచ్చజెప్పి, అయినా వచ్చినవాళ్లను ఊరికే పంపడం ఇష్టంలేక పాటలు పెట్టించాడు. మధ్యాహ్నాలు వాన చప్పుడు కిందుగా, గోడ అవతలి నుంచి ఆ తెలుగు పాటలు సన్నగా వినిపిస్తుంటే, నేను జవాబు పత్రాలు దిద్దుతూ దిద్దుతూ మగతలోకి జారేదాన్ని.

దారిలో కనిపించిన ప్రతివాళ్లూ నన్ను ఆపేవారు. సైన్సు టీచర్ని కదా, ఆ యంత్రానికి నేనే జవాబుదారీ అన్నట్టు. "దీదీ, సచ్ బోలో, ఏటైనా అవుద్దా?" ఏమీ అవదని చెప్పేదాన్ని. నమ్మినట్టు తలూపి, పక్క సందులో ఇంకొకరిని అడిగేవారు. మా మేనత్త మాత్రం అడగలేదు. ఆమె అడగకపోవడం నాకు చిన్నతనంగా అనిపించి, ఒక సాయంత్రం నేనే వెళ్లి ఆమె అరుగు మీద కూర్చున్నాను. వాన అప్పుడే వెలిసింది. ఆకాశం పడమట చిరిగి, ఆ చిరుగులోంచి పసుపుపచ్చని వెలుగు పోకచెట్ల తడి మొదళ్ల మీద పడుతోంది.

"నీకు భయంగా లేదా అత్తా?" అన్నాను.

చుట్ట నోట్లోంచి తీసింది. "నువ్వు సెప్పు. అవుద్దా, అవ్వదా?"

"అవదు."

"నీకెలాగ తెలుసు?"

ఆ ప్రశ్న ఊరంతట్లో ఇంకెవరూ అడగలేదు. అందుకని నేనూ ఓపిగ్గా చెప్పాను. నక్షత్రాల అవతలి నుంచి అలాంటి కణాలు వచ్చి మన పైనున్న గాలిని గుద్దుకుంటూనే ఉంటాయి, ఆ యంత్రం గుద్దించే దానికంటే గట్టిగా కూడా, భూమి పుట్టినప్పటి నుంచీ. వాటివల్ల భూమి పోయేదే అయితే మనం పుట్టకముందే పోవాలి. వాళ్లు సొరంగంలో చేసేది ఆకాశం ఎప్పటి నుంచో చేస్తున్నదే.

"ఇప్పుడు కూడానా?" అంది.

"ఇప్పుడు కూడా."

ఆమె అరుగు చూరు దాటి చెయ్యి చాపింది. వాన పడుతోందో లేదో చూసేటప్పుడు చాపుతామే, అలా అరచెయ్యి వెల్లకిలా పట్టి, కళ్లు చిట్లించి పైకి చూసింది. గాజులు జారి ముంజేతి మీద ఆగాయి. "ఏటీ తగల్నేదే?"

"తగిలినట్టు తెలీదు అత్తా. మనలోంచే వెళ్లిపోతాయి కొన్ని."

చాలాసేపు అలాగే పట్టుకుంది చెయ్యి. తర్వాత ఒడిలో పెట్టుకుని, "మరి ఆయాల, ఆ అలొచ్చిన్నాడు, మీ సైన్సోలు ఏటి సెప్పినారు?" అంది.

"ఎవరూ ఏమీ చెప్పలేదు."

"అదే మరి. సెప్పాల్సిన్నాడు ఒక్కుడూ సెప్పనేదు. ఇప్పుడు ఏటీ అవ్వదని నువ్వు సెప్తే ఈలెలాగ నమ్ముతారు? నీ తప్పేటీ నేదులే అమ్మీ." నన్ను ఓదారుస్తున్నట్టు మోకాలు తట్టింది. ఊరి భయమంతా నాకు ఆ క్షణాన అర్థమైంది. ఆ సొరంగమూ ఆ కణాలూ వాళ్లకు పట్టనే లేదు. నేల కదులుతుందని ఒకసారి తెలిసినవాళ్లు వాళ్లు.

ఆ మర్నాడు పొద్దున మేనత్త మా ఇంటికి వచ్చి, పళ్లు తోముకుంటున్న మా నాన్న ముందు నిలబడింది. "అన్నా, ఆడి కర్మ సేసీండి" అంది. నాన్న నోట్లో వేపపుల్ల అలాగే ఉండిపోయింది. ఎప్పుడు అనడిగితే, ఆ ప్రళయం అంటున్న రోజే అంది. ఆ రోజు మంచిదో కాదో పంతులుగారిని అడగాలని నాన్న గొణిగాడు. "నోకమంతా పోద్దంటన్న రోజుకి మంచేటి, సెడ్డేటి?" అని వెళ్లిపోయింది. నాన్న వేపపుల్ల పారేసి, నోరు కడుక్కుని నా దగ్గరకొచ్చి మెల్లగా, "ఏమీ అవదని దానికి చెప్పలేదా నువ్వు?" అన్నాడు. చెప్పానన్నాను. "మరి?" అన్నాడు. ఇన్నేళ్లు మేం బతిమాలి సాధించలేనిది, ఎక్కడో మంచుకొండల కింద తిరిగే ఒక యంత్రం సాధించిందన్నమాట అనుకున్నాం ఇద్దరం, కొంచెం సిగ్గుపడుతూ. ఫోను చేస్తే మావయ్య తమ్ముడు ఆ మాట నమ్మలేక మళ్లీ మళ్లీ అడిగాడు. రోడ్డంతా బురదగా ఉన్న ఆ కాలంలో బస్సెక్కి, ముందురోజు సాయంకాలానికి తడిసి ముద్దై వచ్చి దిగాడు.

ఆ రోజు బళ్లు తెరిచే ఉన్నాయి గానీ పిల్లలు రాలేదు. వేటకు ఒక్క డోంగీ కదల్లేదు. యంత్రం మన మధ్యాహ్నం భోజనాల వేళకు మొదలవుతుందని టీవీలో చెప్పారు. ఆఖరి భోజనం పప్పుతో చేయడం ఎవరికీ ఇష్టం లేదేమో, వీధి ఈ చివర నుంచి ఆ చివరదాకా కోడికూర ఘుమఘుమలు. ఆ వాసనలోంచి మేం నడిచి, జీపు మాట్లాడుకుని, బ్రూక్షాబాద్ దిగువన ఉన్న రాళ్ల ఒడ్డుకు చేరాం. ఇంట్లోవాళ్లం నలుగురైదుగురం ఉంటామనుకున్నాం. కానీ వీధిలో ఎవరికీ వేరే పని లేదు. ఇంట్లో కూర్చుని గడియారం చూడటం కంటే నయమని ఒక్కొక్కరే వచ్చారు. బెంగాలీ పొరుగావిడ వచ్చింది. పాస్టరుగారి భార్య ఇద్దరు కూతుళ్లతో వచ్చి, కొంచెం దూరంగా గొడుగు కింద నిలబడింది. నాతో బడిలో పనిచేసేవాళ్లు వచ్చారు. వేటకు పోని మగాళ్లంతా వచ్చారు. మామూలు రోజుల్లో పెళ్లికి కూడా అంతమంది పోగవరు.

మనిషి దొరకనప్పుడు దర్భతో మనిషి బొమ్మ కట్టి దానికే అన్నీ చేస్తారు. పంతులుగారు మోకాళ్ల మీద కూర్చుని ఆ బొమ్మ కడుతుంటే మేనత్త పక్కనే నిలబడి, "ఇంకాస్త పొడుగు కట్టండి బాబూ, ఆడు పొడుగు" అంది. ఆయన విప్పి మళ్లీ పొడుగ్గా కట్టాడు. సన్నని తుంపర. సముద్రం, ఆకాశం ఒకే బూడిద రంగులో కలిసిపోయి, ఎక్కడ ఏది మొదలవుతుందో తెలియడం లేదు. మావయ్య తమ్ముడు నిప్పు పెట్టాడు. తడి దర్భ పొగచూరి పొగచూరి, చివరికి అంటుకుంది. మేనత్త మెడలో పుస్తెలతాడు తనే తీసి అన్న చేతికిచ్చింది. గాజులు తీసింది. ఎవరో పెద్దావిడ బొట్టు చెరపబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఇది మా అమ్మెట్టింది. ఆడు తెచ్చింది కాదు" అంది. పెద్దావిడ చెయ్యి తీసేసింది. లోకం అంతమయ్యే రోజున బొట్టు గురించి వాదించే ఓపిక ఎవరికుంటుంది?

అప్పుడే వెనక గుంపులో ఫోను చెవిన పెట్టుకున్న ఒకతను, "చాలూ హో గయా! అక్కడ మొదలైపోనాది!" అని అరిచాడు.

స్విట్జర్లాండ్ ఏ దిక్కున ఉందో అక్కడ ఎవరికీ తెలియదు. అయినా అందరి తలలూ ఒక్కసారిగా సముద్రం వైపు తిరిగాయి. మా దీవుల్లో ఏదైనా వస్తే అటునుంచే రావాలి. చంకలో పిల్లలున్నవాళ్లు ఒక్క అడుగు వెనక్కి వేశారు. అల వచ్చింది. రాళ్ల మధ్య నురగ పరిచి, గులకరాళ్లను గలగలలాడించి, వెనక్కి పోయింది. ఇంకో అల వచ్చింది, పోయింది. నా పక్కనున్న పాస్టరుగారి చిన్నకూతురు నా వేళ్లు పట్టుకుంది. ఏమీ అవదని ఊరంతటికీ చెప్పిన నేను కూడా ఊపిరి బిగబట్టుకుని ఉన్నానని అప్పుడు తెలిసింది నాకు.

ఆ నిశ్శబ్దంలో మేనత్త ఏడ్చింది. అన్నేళ్లలో ఆమె ఏడవగా మేం చూడలేదు. మొదట గొంతులోంచి చిన్న శబ్దం, తర్వాత నేల మీద చతికిలబడి, మావయ్యను నానా తిట్లూ తిడుతూ, రాలేదేమిరా అని పేరు పెట్టి పిలుస్తూ, ఒడ్డంతా మారుమోగేలా ఏడ్చింది. అక్కడ అప్పటికే చాలామంది కళ్లు తుడుచుకుంటున్నారు. అలలో పోయినవాళ్లు అందరి ఇళ్లలోనూ ఉన్నారు. ఆమె మొదలుపెట్టగానే వాళ్లూ మొదలుపెట్టారు. బెంగాలీ పొరుగావిడ ఆమె పక్కన గులకరాళ్ల మీద కూర్చుంది. పాస్టరుగారి భార్య గొడుగు తెచ్చి ఇద్దరి మీదా పట్టింది. ఎవరు ఎవరి కోసం ఏడుస్తున్నారో, యంత్రం భయానికి ఎంత, పాత దుఃఖానికి ఎంత, ఎవరూ విడదీయలేరు. చాలాసేపటికి అది మెల్లగా వానలా వెలిసిపోయింది. పంతులుగారు బూడిద నీళ్లలో కలిపించారు. ఎవరికో ఆకలేసింది. లోకం ఉన్నచోటే ఉంది. కూరలు చల్లారిపోతాయని ఒకరొకరే లేచి ఇళ్లకు పోయారు.

నిజానికి ఆ రోజు అక్కడ గుద్దుకోవడమే లేదు. కణాలను సొరంగం చుట్టూ ఊరికే తిప్పి చూశారంతే. ఆ తర్వాత కొన్నాళ్లకే ఆ యంత్రం చెడిపోయి ఆగిపోయిందని పేపర్లో చదివి మా నాన్న, "ప్రళయం రిపేరుకెళ్లింది" అని వీధంతా చెప్పుకొచ్చాడు. కానీ కర్మ జరిగిన మర్నాడు పొద్దున మాత్రం ఆయన నవ్వే స్థితిలో లేడు. లోకం పోతుందన్న భయంతో మీ అత్త ఆశ వదులుకుంది, లోకమేమో పోలేదు, ఇప్పుడు దాని గతేమిటి, మోసపోయానని ఏ నూతిలోనో పడితే? అని నన్ను తరిమాడు. నేను పరుగులాంటి నడకతో వెళ్లేసరికి మేనత్త వాకిలి ఊడుస్తోంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. మెడ బోసిగా, చిన్నపిల్ల మెడలాగా ఉంది.

"అత్తా, నేను చెప్పాను కదా ఏమీ అవదని. నువ్వు నమ్మలేదా?" అన్నాను.

చీపురు ఆపింది. "నమ్మేను. నువ్వు సెప్పిన్నాడే నమ్మేను."

"మరి ఎందుకు...?"

"ఊరంతా నిబ్బరంగా ఉన్నప్పుడు నానొక్కదాన్నీ ఏడిస్తే అందరూ నన్నే సూస్తారే అమ్మీ. జాలి పడతారు. అది నానోర్సుకోలేను. నిన్న అందరూ అందర్నీ సాగనంపుకుంటన్నారు. ఆ గుంపులో నానూ నా మొగుణ్ణి సాగనంపీసినాను. ఆ రోజు మల్లా వొస్తాదేటి?"

చెప్పి, మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది. నేను ఆ మాటలు మోసుకొచ్చి నాన్నకు చెప్పాను. ఆయన తువ్వాలు ముఖాన వేసుకుని చాలాసేపు కూర్చున్నాడు.

తర్వాత ఆమె జెట్టీకి పోలేదు. మావయ్య చుట్టలు ఒక్కొక్కటే తనే కాల్చేసుకుంది, "ఎండెట్టి ఎండెట్టి గడ్డి సేసీసినాను" అని తిట్టుకుంటూ. కొన్నాళ్లకు మాయాబందర్ వెళ్లి మరిది ఇంట్లో ఉంటూ ఎండుచేపల బుట్ట పెట్టింది. అక్కడి జెట్టీ దగ్గర ఆమె గొంతు చాలా పేరు పడింది. సెలవుల్లో నేను వెళితే, ఎండలో పరిచిన చేపల మీద కాకుల్ని తోలుతూ, "మీ మిసన్ బాగయిందేటే?" అని అడిగేది, ఆ యంత్రమేదో మా ఇంటి మిక్సీ అయినట్టు. బాగైందత్తా, నడుస్తోంది, ఏదో కొత్త కణం కూడా దొరికిందట అంటే, "దొరికిందా? పోన్లే, ఎతికినోలికి దొరికింది" అని సంతోషపడేది. ఆమె పోయి కూడా ఇప్పుడు కొన్నేళ్లయింది. మధ్యాహ్నం నిద్రలో పోయింది.

కాలం ఇక ముందుకు సాగదేమోనని ఊరంతా భయపడిన రోజది. మా ఇంట్లో మాత్రం ఏళ్ల తరబడి ఆగిపోయి ఉన్న కాలం ఆ రోజే కదిలింది.